తిరుపతి చెరువు పార్కులో వలస పక్షులు: ముందు ఇంటివాళ్లను గుర్తుపట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఈ జూన్‌లో తిరుపతికి బదిలీ మీద వచ్చారు. రోజూ పొద్దున వినాయక సాగర్ చుట్టూ నడుస్తున్నారు. తొమ్మిదేళ్ల పాపకు పక్షులంటే ప్రాణం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వలస పక్షులు వస్తాయని ఎవరో చెప్పారు. అవి ఊళ్లో చెరువు దగ్గరే కనిపిస్తాయా, లేక నేలపట్టు పక్షుల అభయారణ్యానికో పులికాట్ సరస్సుకో వెళ్లాల్సిందేనా? బైనాక్యులర్ ఏది కొనాలి?

ఊళ్లో చెరువు చాలు. నేలపట్టు డిసెంబరు దాకా ఆగుతుంది. సెప్టెంబరు మొత్తం ఇక్కడే ఉండే పక్షులను నేర్చుకోండి, అక్టోబరులో వచ్చే కొత్తవి మీకే కనిపిస్తాయి. బైనాక్యులర్ మొదటి నెల వద్దు. తర్వాత కొంటే 8×42 తీసుకోండి. వారానికి రెండు రోజులు, ఒకే దారి, ఒకే సమయం, చేతిలో చిన్న నోటుబుక్కు. నేను పద్దెనిమిదేళ్లుగా పేరూరు వైపు చెరువుల మీద చేస్తున్నది ఇంతే. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

ఇక వివరంగా చెబుతాను.

మన వైపు ఆశ్వయుజ, కార్తీకాల్లోనే చెరువులకు అసలు నీళ్లొస్తాయి. నైరుతి వానలు ఇక్కడ కొంత తడిపి వెళ్తాయి, పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. అంటే వలస పక్షులు ఉత్తరం నుంచి దిగే రోజులు, చెరువు నిండే రోజులు ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఈ సంగతి తెలియక చాలామంది "నవంబరులో చెరువు నిండుగా ఉంది, అయినా ఉల్లంకి పిట్టలు ఒక్కటీ లేవు" అని నిరాశపడతారు. నిండుగా ఉంది కాబట్టే అవి లేవు. ఉల్లంకి పిట్టకు కావలసింది నీళ్లు కాదు, నీటి అంచున ఉండే మెత్తని బురద. అందులోని పురుగుల కోసమే అది వేల కిలోమీటర్లు వస్తుంది. చెరువు కట్ట దాకా నిండితే ఆ అంచు మునిగిపోతుంది.

2021 నవంబరు వానలు మీకు తెలిసే ఉంటాయి, తిరుపతి వీధులు వాగులైన వానలవి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వారం ముందు వరకు నా చెరువు అంచున ఉల్లంకి పిట్టలను ముప్పై దాకా లెక్కపెట్టాను. వాన వెలిశాక వెళ్తే చెరువు మొరవ పోతోంది, కట్ట మీద ఒక్కటి లేదు. నాలుగు రోజుల తర్వాత అవి పక్క ఊరి వరి మళ్లలో కనపడ్డాయి. మళ్లీ జనవరి చివర నీళ్లు తగ్గి బురద తేలాక గానీ చెరువుకు రాలేదు. అందుకే చెబుతున్నాను, సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మధ్య వరకు ఉన్న రోజులు పోగొట్టుకోవద్దు. పెద్ద వానలు పడకముందు చెరువు అంచులు తేలి ఉండే ఆ నాలుగు వారాల్లో పొట్టి కాళ్ల పిట్టలన్నీ కంటికి దగ్గరగా తిరుగుతాయి. చెరువు నిండాక బాతుల వంతు.

ఇప్పుడు ఇంటివాళ్ల, అంటే ఏడాదంతా ఇక్కడే ఉండే పక్షుల సంగతి. రాతి గట్టు మీద కదలకుండా కూర్చుని, లేచి ఎగిరితే తెల్లటి రెక్కలు కనిపించేది గుడ్డి కొంగ. మునిగి దూరంగా తేలేవి రెండు: గుండ్రంగా, చిన్న కోడిపిల్లంత ఉండి పుటుక్కున మునిగేది మునుగుడు కోడి, నల్లగా, పొడుగు మెడతో, బయటికొచ్చాక రెక్కలు చాపి ఆరబెట్టుకునేది నీటికాకి. జమ్ములో నడిచే ఊదా రంగు పక్షి నీలి బొల్లికోడి, నుదుటి మీద తెల్ల మచ్చతో నీళ్లలో ఈదే నల్లది బొల్లికోడి. లకుముకి పిట్ట, తీతువు పిట్ట, పసిరిక పిట్ట, పసులపోలిగాడు, గోరువంక, జెముడుకాకి, పెద్ద కొంగ, చిన్న కొంగ, పశువుల వెంట తిరిగే కొంగ. బాతుల్లో ముక్కు చివర పసుపు మచ్చ ఉండే పెద్ద బాతు ఏడాది పొడుగునా మన చెరువుల్లో ఉండేదే. ఇవన్నీ కలిపి పదిహేను, పదహారు. వీటిని పాప చూడగానే పేరు చెప్పే స్థితికి వస్తే సగం పని అయిపోయినట్టే. పెళ్లింట్లో మన బంధువులందరి ముఖాలూ తెలిస్తే కొత్త చుట్టం ఎవరో అడగకుండానే తెలుస్తుంది కదా, అలాగే ఇదీ.

ఒక చిక్కు ముందే చెబుతాను. ఈ కాలంలో పక్షులు ఫొటోల్లో ఉన్నట్టు ఉండవు. వానాకాలంలో నారింజ రంగు తలతో కనిపించిన పశువుల కొంగ అక్టోబరుకు పూర్తిగా తెల్లబడుతుంది. ఎర్రటి గోధుమ వీపుతో మెరిసిన గుడ్డి కొంగ మళ్లీ మట్టి చారల కోటు వేసుకుంటుంది. గూళ్లు అల్లిన గిజిగాడి మగవాటికి పసుపు తల పోయి, ఆడ పిచ్చుకలా కనిపిస్తుంది. తామరాకుల మీద నడిచే పొడుగు తోక పక్షి ఆ తోకే రాల్చేస్తుంది. అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేవి వలస బాతులు. మగ బాతులు గుడ్ల కాలం అయిపోయాక రంగులు వదిలి ఆడబాతుల్లా మారతాయి, ఆ వేషంలోనే సెప్టెంబరు, అక్టోబరులో మన దగ్గర దిగుతాయి. కంటి మీద తెల్ల గీత ఉంటుందని చెప్పుకునే గార్గనీ మగబాతుకు అప్పుడు ఆ గీత సరిగ్గా ఉండదు. కాబట్టి రంగు చూసి పేరు పెట్టకండి. సైజు, ముక్కు ఆకారం, తోక ఏం చేస్తోంది, ఎక్కడ కూర్చుంది అనేవి చూడండి. ఈ నాలుగూ రుతువుతో మారవు.

ఇక చుట్టాలు వచ్చే వరుస. అన్నిటికంటే ముందు వచ్చేది మామూలు ఉల్లంకి పిట్ట, కామన్ శాండ్‌పైపర్ అంటారు. ఆగస్టులోనే దిగుతుంది. తలంత పొడుగు ముక్కు, గోధుమ వీపు, తెల్లటి పొట్ట, భుజం దగ్గర తెలుపు చిన్న చీలికలా పైకి వస్తుంది. నిలబడ్డ చోట వెనక భాగం ఆగకుండా ఊపుతూ ఉంటుంది. పార్కుల కోసం చెరువు గట్టుకు రాళ్లు పేర్చేస్తే బురద పోయి చాలా పిట్టలు రావు, నాకు ఆ బాధ ఉంది. అయితే ఈ ఒక్కటి మాత్రం ఆ రాళ్ల మీదే హాయిగా తిరుగుతుంది. మీ నడక దారి పక్కనే వెతకండి.

సెప్టెంబరులో కరెంటు తీగల మీద స్వాలోలు వరుసగా కూర్చుంటాయి, తోక రెండుగా చీలి ఉంటుంది. అదే నెలలో పొడుగు తోక ఊపుతూ నడిచే వ్యాగ్‌టెయిళ్లు వస్తాయి. నలుపు తెలుపుల్లో పెద్దగా ఉండి ఏడాదంతా కనిపించేది మనదే. పొట్ట కింద పసుపు, వీపు బూడిద రంగు ఉంటే అది వలస వచ్చింది. సాయంత్రం ఐదున్నర వేళ గులాబీ, నలుపు రంగుల పలిసె పిట్టలు గుంపులుగా ఆకాశంలో తిరుగుతాయి. ఇవి గూళ్లు కట్టేది మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో. వీటి పిల్లలు చాలావరకు మట్టి రంగులోనే ఉంటాయి, గోరువంకలనుకుని వదిలేయకండి.

బ్రౌన్ ష్రైక్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది. పిచ్చుక కంటే పెద్దది, కంటికి నల్ల గంత కట్టినట్టు ఉంటుంది, ముక్కు కొన కొక్కెంలా వంగి ఉంటుంది. ఇది చలికాలం గడిపే చోటును సొంతం చేసుకుని కాపలా కాస్తుంది, చాలావరకు మరుసటి ఏడూ అక్కడికే తిరిగి వస్తుంది. నా దారిలో తూము పక్కన ఒక కంప చెట్టు ఉండేది. వరుసగా నాలుగేళ్లు సెప్టెంబరు చివరి వారంలో ఆ చెట్టు మీద ఒక ష్రైక్ గరగరమని అరుస్తూ ఉండేది. అది ప్రతిసారీ అదే పిట్ట అని కాలికి రింగు లేకుండా ఖాయంగా చెప్పలేం, కానీ కొమ్మ కూడా మారలేదు. ఐదో ఏడు గట్టు శుభ్రం చేస్తామని ఆ కంప కొట్టేశారు. ఆ సెప్టెంబరులో పిట్ట వచ్చింది. చెట్టు ఉన్న చోట కంచె స్తంభం మీద రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు లేదు. కంప చెట్టు మనకు పనికిమాలినదే, కానీ అలా ఒక పొద ఎవరికో ఊరు. పార్కు పనివాళ్లతో మీకు మాటా మంచీ కలిస్తే, ఒక మూల పొదలను, కొంత జమ్మును వదిలేయమని అడగండి. నేను అడిగాను. నేను తిరిగే రెండో చెరువు దగ్గర వదిలారు.

అక్టోబరులో పొదల్లోంచి "చెక్, చెక్" అని నాలుక కొట్టినట్టు వినిపిస్తే అది బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. అది కనిపించడం కష్టం, వినడమే. చూడలేకపోయామని టెన్షన్ పడొద్దు, విన్నట్టు రాసుకోండి. దసరా రోజుల్లో పాలపిట్టను చూడాలని ఊరంతా వెతుకుతుంది కదా, అది చెరువు కంటే చుట్టూ ఉన్న ఖాళీ పొలాల తీగల మీద దొరుకుతుంది. దయచేసి పంజరంలో పట్టి తెచ్చి చూపించేవాళ్లకు డబ్బులివ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. డబ్బులిస్తే వచ్చే ఏడు ఇంకో పది పిట్టలు పడతాయి.

నవంబరుకు నీళ్లు పెరిగాక సూదిలాంటి తోక ఉన్న పిన్‌టెయిల్, గరిటె ముక్కు షవలర్ బాతులు వచ్చే అవకాశం ఉంది. ఊరి మధ్య చెరువుల్లో ఇవి ప్రతి ఏడూ దిగవు, దిగితే అదృష్టమే. బాతులు, బొల్లికోళ్లు అన్నీ ఒక్కసారిగా లేచాయంటే నీళ్ల వైపు చూడకండి, ఆకాశం చూడండి. మార్ష్ హ్యారియర్ అనే గద్ద జమ్ము మీద తక్కువ ఎత్తులో వెళ్తూ ఉంటుంది. తొమ్మిది దాటాక శేషాచలం వైపు గాలి వేడెక్కితే గద్దలు గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్లు ఇటుక రంగులో ఉండేది గరుడ పక్షి. బ్రహ్మోత్సవాల గరుడ సేవ రోజు దాన్ని ఆకాశంలో చూసి దండం పెట్టుకోని వాళ్లు మన ఊళ్లో ఉండరు. మీ పాపకు మొదట చూపించే గద్ద అదే అయితే ఎప్పటికీ మర్చిపోదు.

సమయం సంగతి. సూర్యోదయం ఆరు ప్రాంతంలో అవుతుంది, ఆరుం పావుకు చెరువు దగ్గర ఉండండి. పొద్దున తూర్పు గట్టు మీద, సూర్యుడు మీ వీపుకు తగిలేలా నిలబడండి. ఎదురెండలో చూస్తే ప్రతి పక్షీ నల్ల మచ్చే. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, కొత్తవాళ్లు సగం పక్షులను పోల్చుకోలేకపోయేది దీనివల్లే. సాయంత్రం పడమటి గట్టు. వినాయక నిమజ్జనం జరిగే రోజులు, దీపావళి మర్నాడు వెళ్లి లాభం లేదు, పక్షులు చెదిరి ఉంటాయి. నాలుగైదు రోజులు వదిలేసి వెళ్లండి.

బైనాక్యులర్ ఎందుకు మొదటి నెల వద్దన్నానంటే, అది మెడలో ఉంటే కళ్లు వెతకడం మానేస్తాయి. ముందు వట్టి కళ్లతో కదలికను పట్టుకోవడం రావాలి. 8×42లో 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని. పది రెట్లది కొంటే చెయ్యి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, పైగా చూపు వెడల్పు తగ్గి పిట్ట దొరకదు. పాపకైతే 8×32 బరువు తక్కువ, కొనేముందు రెండు గొట్టాలు ఆమె కళ్ల దూరానికి దగ్గరయ్యేంత మడుచుకుంటాయో లేదో చూడండి. చాలావాటిలో పిల్లల ముఖానికి అవి కుదరవు, రెండు బొమ్మలు కనిపించి పిల్లలు విసిగిపోతారు. కళ్లద్దాలు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పాలి. చూసే పద్ధతి: పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరకు తేవాలి. బైనాక్యులర్ పెట్టుకుని పిట్ట కోసం వెతికితే దొరకదు.

ఫోన్‌లో మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, అరుపు విని పేరు చెబుతుంది. బాగా పనికొస్తుంది, కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. రోడ్డు హారన్ల మధ్య అది చెప్పిన పేర్లు నేను చాలాసార్లు కొట్టేశాను. యాప్ చెప్పినదాన్ని కళ్లతో చూశాకే నోటుబుక్కులో రాయండి. ఇంకొక మాట, ఫోన్‌లో పక్షి అరుపు పెట్టి పిలవొద్దు. వెయ్యి మైళ్లు ఎగిరి వచ్చిన పిట్ట తిండి మానుకుని, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది. మొదట్లో నేను ఇంకో తప్పు చేశాను. అక్టోబరు మొదట్లో గార్గనీ బాతులు పదకొండు చెరువు మధ్య నిద్రపోతున్నాయి. ఫొటో కోసం తూటికాడ పొదల్లోంచి దగ్గరికి పాకాను. అన్నీ లేచిపోయాయి, ఆ ఏడు మళ్లీ ఆ చెరువులో దిగలేదు. రష్యా వైపు నుంచి వచ్చి ఒళ్లు అలసిన పక్షులకు ఆ నిద్ర ఎంత అవసరమో అప్పటికి నాకు తెలియదు. మీరు కదలకుండా కూర్చుంటే పావుగంటలో అవే దగ్గరకు వస్తాయి. మరమరాలు, బ్రెడ్డు వేసే అలవాటు కూడా మాన్పించండి, అవి నీళ్లలో కుళ్లుతాయి, పక్షులకు బలం ఇవ్వవు.

అక్టోబరులో మీ అపార్ట్‌మెంట్ కారిడార్లోనే పక్షి కనపడే అవకాశం ఒకటి ఉంది. ఆకుపచ్చ వీపు, ఎర్రటి పొట్ట కింది భాగం, తోక పొట్టిగా ఉండి కాళ్ల మీద గెంతే రంగుల పిట్ట, పొన్నంగి. హిమాలయ పాదాల నుంచి, మధ్య భారతం నుంచి రాత్రిళ్లు ఎగిరి దక్షిణానికి వస్తుంది, దీపాలకు దారి తప్పి గోడలకు, అద్దాలకు తగులుతుంది. నా పక్కింటి వాళ్లు ఒక తెల్లవారుజామున తలుపు తట్టి పిలిస్తే వెళ్లాను, మెట్ల కింద కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. చుట్టూ పిల్లలు. గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పాత టవల్ వేసి, చీకటి గదిలో సద్దు లేకుండా ఉంచాం. నోట్లో నీళ్లు పోయలేదు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. సాయంత్రం నాలుగింటికి చెట్లున్న చోట పెట్టె తెరిస్తే రెండు గెంతుల్లో పొదల్లోకి పోయింది. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా మాత్రం ఇంట్లో ఉంచుకోకుండా అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయాలి.

నేలపట్టు విషయం. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట వైపు మన జిల్లాలోనే ఉంది, కాబట్టి ఒక రోజులో వెళ్లి రావచ్చు. గూడబాతులు (పెలికాన్లు) అక్కడి చెరువులో నీళ్ల మధ్య నిలిచే కడప అనే చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి గూళ్లు మొదలుపెట్టేదే ఈశాన్య వానలకు చెరువు నిండాక. డిసెంబరు చివర, జనవరిలో వెళ్తే పిల్లల అరుపులతో చెరువు హోరెత్తుతుంది. సెప్టెంబరులో వెళ్తే పాప ఖాళీ చెట్లు చూసి వస్తుంది. పులికాట్‌లో ఫ్లెమింగోలకూ ఆ నెలలే మేలు.

లెక్కలు రాయడం గురించి. ప్రతిసారీ తేదీ, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, ఎంత దూరం నడిచారు, ఒక్కో రకం ఎన్ని అనేవి రాయండి. కాకుల్ని కూడా వదలొద్దు. ఈబర్డ్ అనే సైట్‌లో దాన్నే పూర్తి జాబితాగా పెట్టవచ్చు. అక్టోబరులో సాధారణంగా రెండో శనివారం ప్రపంచమంతా ఒకేరోజు లెక్కపెడతారు, నవంబరు 12 పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టిన రోజు. పాపకు ఆ రెండు రోజులూ పండగ చేయండి, లెక్కపెట్టే పని పూర్తిగా తనకే అప్పగించి మీరు రాసేవాళ్లుగా ఉండండి. ఇలాంటి లెక్కలు రెండేళ్లు ఉంటే, గుర్రపు డెక్క తీయించేటప్పుడు ఏ మూల ముట్టుకోవద్దో చెరువు చూసుకునే కార్యాలయానికి వెళ్లి అడగడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. మా చెరువు దగ్గర ఆ జమ్ము మిగిలింది నా మాట విని కాదు, నోటుబుక్కు చూసి.

మొదటి నెల జాబితా ఇక్కడే పెట్టండి. పేరు తెలియని పిట్టకు ఫొటో లేకపోయినా ఫర్వాలేదు. గోరువంక కంటే పెద్దదా చిన్నదా, ఎక్కడ కూర్చుంది, తోక ఏం చేసింది, ఈ మూడూ రాయండి. చూసి చెబుతాను.